మనిషి నడక, పరుగుల కంప్యూటరు నమూనాలు

మనిషి నడిచేటప్పుడు, పరుగెత్తేటప్పుడు శరీరంలో కలిగే చలనాలను, బలాలను, శక్తి వ్యయాన్ని గణిత సమీకరణాలుగా రాసి, ఆ సమీకరణాలను కంప్యూటరు సహాయంతో సాధించే అధ్యయన పద్ధతిని '''నడక, పరుగుల కంప్యూటరు నమూనా''' అంటారు. ఇది జీవయాంత్రిక శాస్త్రంలో ఒక శాఖ. యంత్రశాస్త్రం, శరీరధర్మ శాస్త్రం, నాడీశాస్త్రం ఇందులో కలుస్తాయి. కృత్రిమ కాళ్ళ తయారీ, నడకలో లోపమున్న పిల్లలకు శస్త్రచికిత్స, రెండు కాళ్ళ రోబోల నిర్మాణం దీనికి సుపరిచితమైన ఉపయోగాలు. అంతగా ప్రచారంలోకి రాని ఉపయోగం మరొకటి ఉంది. రోడ్డు లేని కొండ గ్రామం నుండి ఆసుపత్రికి కాలినడకన ఎంతసేపు పడుతుందో లెక్కగట్టడం. ఆంధ్రప్రదేశ్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు చెందిన ముంచింగిపుట్టు మండలం వంటి ప్రాంతాలకు ఈ లెక్కతో ఎక్కువ పని ఉంది. అందువల్ల ఈ వ్యాసంలో కొండదారి నడకకు, బరువు మోతకు ఎక్కువ చోటు ఇవ్వబడింది.

నమూనా అవసరం

నడిచే మనిషిని వీడియో తీయవచ్చు, పాదం నేలను ఎంత బలంతో తొక్కుతోందో కొలవవచ్చు, ముక్కుకు గొట్టం తగిలించి ఎంత ప్రాణవాయువు వాడుతున్నాడో తెలుసుకోవచ్చు. కాని మోకాలి కీలులో ఎముకల మధ్య ఒత్తిడి ఎంత, పిక్క కండరం ఏ క్షణాన ఎంత లాగింది అన్నవి చర్మం పైనుండి నేరుగా కొలిచేందుకు వీలుకానివి. "ఇలా కాక మరోలా నడిస్తే ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు కొలత మాత్రమే జవాబు చెప్పలేదు. కంప్యూటరు నమూనాలో ఒక కండరాన్ని తీసివేసి చూడవచ్చు, నేలను ఏటవాలు చేయవచ్చు, భుజంపై బరువు పెట్టవచ్చు. ఎవరికీ నొప్పి కలగదు.

చరిత్ర

ఇటలీకి చెందిన బోరెల్లీ ప్రాణుల చలనంపై రాసిన గ్రంథం ఆయన మరణానంతరం 1680–81లో వెలువడింది. ఎముకలను తులాదండాలుగా భావించి కండరాల బలాన్ని లెక్కించిన తొలి రచనలలో ఇది ఒకటి. 1836లో జర్మనీలో వేబర్ సోదరులు, ముందుకు ఊగే కాలు లోలకం వలె తన బరువుతోనే ఊగుతుందని ప్రతిపాదించారు. 1891లో లైప్‌జిగ్‌లో బ్రౌనె, ఫిషర్ అనే శాస్త్రజ్ఞులు ఒక సైనికుడి శరీరానికి మెరిసే విద్యుత్ గొట్టాలు కట్టి, చీకటిలో నడిపించి, పలు కెమెరాలతో ఫొటోలు తీశారు. ఆ గొట్టాలు కట్టడానికే ఆరు నుండి ఎనిమిది గంటలు పట్టేది. ఆ ఫొటోల నుండి బలాలను చేతితో లెక్కించడం ఏళ్ళ తరబడి సాగింది. వేబర్ సోదరుల మాట పూర్తిగా సరికాదనీ, ఊగే కాలిలో కండరాలు కూడా పనిచేస్తాయనీ ఫిషర్ తేల్చాడు. నేడు ఇదే లెక్కను సాధారణ కంప్యూటరు కొద్ది క్షణాలలో చేస్తుంది.

1980లో మోకాన్, మెక్‌మాన్ అనే పరిశోధకులు మూడు కడ్డీలతో కాళ్ళను సూచించే నమూనాను ప్రకటించారు. 1990లో టాడ్ మెక్‌గియర్ కెనడాలో, మోటారు గాని కంప్యూటరు గాని లేకుండా స్వల్పమైన వాలుపై తనంతట తానే నడిచి దిగే యంత్రాన్ని చేసి చూపాడు. నడకలో చాలా భాగం కాళ్ళ ఆకృతి, గురుత్వాకర్షణ కలిసి చేసే పనేనని, మెదడు ప్రతి అడుగునూ శాసించనవసరం లేదని దీనివల్ల స్పష్టమైంది.

నడకకు విలోమ లోలకం, పరుగుకు స్ప్రింగు

గడియారపు లోలకాన్ని తలకిందులు చేసినట్లు ఊహించుకుంటే నడక అర్థమవుతుంది. నేలపై ఆనిన పాదం ఇరుసు, నిటారుగా ఉన్న కాలు కడ్డీ, నడుము దగ్గరి శరీర భారం గుండు. దీనిని విలోమ లోలకం అంటారు. అడుగు మధ్యలో గుండు ఎత్తుకు చేరినప్పుడు వేగం తగ్గుతుంది, దిగేటప్పుడు ఆ ఎత్తు మళ్ళీ వేగంగా మారుతుంది. కాబట్టి శక్తిలో చాలా భాగం వృథా కాదు. వృథా అయ్యేది ఒక లోలకం నుండి మరొక లోలకానికి మారేటప్పుడు, అంటే ముందు పాదం నేలను తాకే క్షణంలో. అక్కడ పోయిన శక్తిని వెనక కాలి మడమ కండరాలు నెట్టి పూడుస్తాయి.

ఈ నమూనా వేగానికి ఒక హద్దు చూపిస్తుంది. గుండు వృత్తచాపంలో కదలాలంటే దానిని కిందికి లాగే గురుత్వాకర్షణ చాలాలి. వేగపు వర్గాన్ని కాలి పొడవుతోను, గురుత్వ త్వరణంతోను భాగిస్తే వచ్చే ఫ్రూడ్ సంఖ్య 1 దాటితే పాదం నేలను విడిచిపోతుంది. కాలి పొడవు 0.9 మీటర్లయితే ఆ హద్దు సెకనుకు దాదాపు 3 మీటర్లు. వాస్తవానికి మనుషులు అంతవరకు ఆగరు. ఫ్రూడ్ సంఖ్య 0.5 దగ్గర, అంటే సెకనుకు సుమారు 2 మీటర్ల వేగంలో, నడక మాని పరుగందుకుంటారు. చిన్నపిల్లలు పెద్దల పక్కన నడవలేక పరుగెత్తడానికి కారణం ఇదే. వారి కాలు పొట్టి కనుక హద్దు తొందరగా వస్తుంది.

పరుగులో లెక్క వేరు. పాదం ఆనినప్పుడు శరీరం కిందికి దిగి, మళ్ళీ పైకి లేస్తుంది. కాలును ఒక స్ప్రింగుగా భావించే నమూనాను 1989లో బ్లిక్‌హాన్, 1990లో మెక్‌మాన్, చెంగ్ రూపొందించారు. మడమ వెనక ఉండే నరం వంటి గట్టి తంతువు (అకిలీస్ స్నాయువు), పాదపు వంపు ఈ స్ప్రింగు పనిలో పాలుపంచుకుంటాయి. పాదపు వంపు విషయంలో 2020లో మధుసూదన్ వెంకటేశన్, శ్రేయస్ మాండ్రే తదితరులు నేచర్ పత్రికలో ప్రకటించిన ఫలితం చెప్పుకోదగ్గది. పాదానికి ముందువెనుకలుగా ఉండే వంపు కన్న, అడ్డంగా ఉండే వంపు పాదాన్ని గట్టిగా నిలపడంలో పెద్ద పాత్ర వహిస్తుందని వారు చూపారు. పొడుగు దిశలోని గట్టిదనంలో 40 శాతానికి పైగా అడ్డ వంపు వల్లనే వస్తుంది. కాగితపు నోటును అడ్డంగా కొద్దిగా మడిచి పట్టుకుంటే అది వాలిపోకుండా నిలవడం ఇందుకు సులభమైన ఉదాహరణ.

2006లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోజ్ శ్రీనివాసన్, ఆండీ రుయినా మరింత సూక్ష్మమైన ప్రశ్న వేశారు. నడక, పరుగు అన్న రెండే పద్ధతులు మనిషికి ఎందుకు? సాగుతూ ముడుచుకునే, బరువు లేని రెండు కాళ్ళు, వాటిపై ఒక బిందువంత శరీరం. ఇంతే వారి నమూనా. ఇందులో స్ప్రింగు కూడా లేదు. ఫలానా వేగంతో, ఫలానా అడుగు పొడవుతో అతి తక్కువ పనితో ముందుకు పోయే దారి వెతకమని కంప్యూటరుకు అప్పగించారు. వంకరటింకర మార్గాలు ఎన్నో సాధ్యమైనా, తక్కువ వేగంలో విలోమ లోలకపు నడక, ఎక్కువ వేగంలో ఎగిరే పరుగు వాటంతటవే బయటపడ్డాయి. నడవమని గాని పరుగెత్తమని గాని నమూనాకు ఎవరూ చెప్పలేదు. ఈ రంగంలో ఇంత చిన్న నమూనాతో ఇంత పెద్ద ఫలితం అరుదు.

కండరాలతో కూడిన నమూనాలు

వైద్యానికి బిందువు, కడ్డీ సరిపోవు. 2001లో ఆండర్సన్, పాండీ 54 కండరాలతో నడక నమూనాను సూపర్‌కంప్యూటరుపై సాధించారు. ప్రతి కండరానికీ 1938 నాటి ఎ.వి.హిల్ సూత్రం ఆధారం. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి ఓపెన్‌సిమ్ అనే ఉచిత సాఫ్టువేరు వెలువడిన తరువాత ఈ పని పెద్ద ప్రయోగశాలలకే పరిమితం కాలేదు. మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లలు మోకాళ్ళు వంచి నడవడానికి ఏ కండరం కారణమో శస్త్రచికిత్సకు ముందే అంచనా వేయడానికి ఇది తోడ్పడింది. 2023లో ప్రకటితమైన ఓపెన్‌క్యాప్ పద్ధతిలో రెండు స్మార్టుఫోన్ల వీడియోలే చాలు.

కాలికి తగిలించే బరువు విషయంలో నమూనాలు, కొలతలు ఒకే మాట చెబుతాయి. అదే బరువు నడుముకు కట్టుకుంటే అయ్యే ఖర్చు కన్న, పాదానికి కట్టుకుంటే అయ్యే ఖర్చు చాలా ఎక్కువ, ఎందుకంటే ప్రతి అడుగులోనూ దానిని ఊపి ఆపాలి. హైదరాబాదులో 1990లలో క్షిపణి శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాం బృందం, నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు కలిసి పోలియో సోకిన పిల్లల కోసం చేసిన తేలిక కాలిపర్లు ఇందుకు తెలుగునాట మంచి ఉదాహరణ. మూడు కిలోల లోహపు కాలిపరు స్థానంలో, క్షిపణులకు వాడే మిశ్రమ పదార్థంతో 300 గ్రాముల కాలిపరు వచ్చిందని కలాం పలుచోట్ల చెప్పారు.

కొండదారి లెక్క

ముంచింగిపుట్టు తూర్పు కనుమలలో, ఒడిషా సరిహద్దున ఉన్న మండలం. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కొండలు, వాటి మధ్య గెడ్డలు, మాచ్‌ఖండ్ నదిపై జోలాపుట్టు జలాశయం ఇక్కడి భూస్వరూపం. భగత, పోర్జ, గదబ, కోందు, కోటియ తదితర గిరిజన తెగలవారు నివసిస్తారు. చాలా పల్లెలకు ఇక్కడ దూరం అంటే కిలోమీటర్లు కాదు, ఎక్కుడు దిగుళ్ళు.

వాలును బట్టి శక్తి వ్యయం ఎలా మారుతుందో 2002లో ఇటలీకి చెందిన మినెట్టి బృందం కొలిచింది. చదునైన నేలపై నడిచే మనిషికి ప్రతి కిలో శరీర బరువుకు, ప్రతి మీటరుకు దాదాపు 1.64 జౌళ్ళు ఖర్చవుతాయి. 10 శాతం దిగుడులో ఇది సగానికి, అంటే 0.81కి పడిపోతుంది. అంతకన్న నిటారైన దిగుడులో మళ్ళీ పెరుగుతుంది, ఎందుకంటే జారకుండా శరీరాన్ని ఆపడానికీ కండరాలు పనిచేయాలి. 45 శాతం ఎక్కుడులో 17 జౌళ్ళు దాటుతుంది, చదును నేల కన్న పదింతలు. ఇదే పరిశోధకుడు 1995లో మరొక సంగతి చూపాడు. ఒక ఎత్తుకు చేరడానికి అతి తక్కువ శక్తి పట్టే కాలిబాట వాలు దాదాపు 25 శాతం. అంతకన్న నిటారైన చోట బాట వంకరలు తిరగడమే లాభం.

నడక వేగానికి వాల్డో టోబ్లర్ 1993లో ఇచ్చిన సూత్రం ప్రసిద్ధం. స్విస్ పటకర్త ఇమ్‌హోఫ్ సేకరించిన వివరాలు దీనికి ఆధారం. దీని ప్రకారం 5 శాతం దిగుడులో వేగం గరిష్ఠం, గంటకు 6 కి.మీ. చదును నేలపై 5 కి.మీ. 15 శాతం ఎక్కుడులో సుమారు 3 కి.మీ., అదే వాలు దిగేటప్పుడు 4.2 కి.మీ. బాట లేని చోట ఈ వేగాలను మరో 3/5 వంతుకు తగ్గించాలి. అంటే 6 కి.మీ. దారి 15 శాతం వాలులో ఎక్కడానికి రెండు గంటలు, దిగడానికి గంటా ఇరవై అయిదు నిమిషాలు, బాట లేకపోతే ఎక్కడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు.

ఈ రెండు లెక్కలు కలిపితే కొండప్రాంతాల్లో తరచు కనిపించే ఒక దృశ్యానికి వివరణ దొరుకుతుంది. మన దేశంలో పర్వత ప్రాంతపు రోడ్లకు సాధారణంగా 5 శాతం వాలు ప్రమాణం, ఎందుకంటే అవి వాహనాల కోసం. 300 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే అలాంటి రోడ్డు 6 కి.మీ. మెలికలు తిరగాలి. 25 శాతం వాలు ఉన్న పాత కాలిబాట 1.2 కి.మీ. చాలు. టోబ్లర్ సూత్రం ప్రకారం రోడ్డు మీద నడిచేవారికి గంటా ఇరవై అయిదు నిమిషాలు, కాలిబాటన ముప్పై అయిదు నిమిషాల లోపు. కొత్త రోడ్డు పడినా సంతకు నడిచేవారు పాత అడ్డదారి విడవకపోవడం అలవాటు వల్ల కాదు, అది లెక్కకు నిలిచే నిర్ణయం.

బరువు మోత: కావడి, డోలీ

నేపాలు కూలీలపై 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, అక్కడి పురుషులు సగటున తమ శరీర బరువులో 93 శాతం, స్త్రీలు 66 శాతం మోస్తారు. పెద్ద బరువుల వద్ద వారికి అయ్యే ఖర్చు యూరోపువారి కన్న తక్కువ. నెమ్మదిగా నడిచి, మాటిమాటికి ఆగడం వారి పద్ధతి.

మన్యంలో కావడి వాడుక సర్వసాధారణం. భుజంపై వెదురు బద్ద, రెండు కొసలా బరువు. అడుగడుగునా బద్ద ఊగుతుంది. దీనిని స్ప్రింగుకు కట్టిన గుండుగా నమూనా కట్టవచ్చు. బద్ద సహజ ఊపు, అడుగుల లయ ఒకటైతే ఊపు విపరీతంగా పెరుగుతుంది. బద్ద ఊపు అడుగుల కన్న తగినంత నెమ్మదిగా ఉంటే, మనిషి పైకీ కిందికీ కదులుతున్నా బరువు దాదాపు ఒకే ఎత్తున సాగిపోతుంది. ఉదాహరణకు నిమిషానికి 100 అడుగులు వేసే మనిషికి, బరువు తగిలించినప్పుడు 9 సెంటీమీటర్లు వంగే బద్ద అన్నిటికన్న చెడ్డది. 18 సెంటీమీటర్లకు పైగా వంగేది మేలు చేయడం మొదలుపెడుతుంది. 1991లో రోజర్ క్రామ్ పరుగెత్తే మనుషులపై చేసిన ప్రయోగంలో బాగా వంగే బద్దలు శక్తి ఖర్చును తగ్గించలేదు కాని, భుజంపై పడే దెబ్బను తగ్గించాయి. 2019లో వెలువడిన మరొక అధ్యయనంలో వియత్నాం రైతులు వంగే వెదురుబద్దకు అనుగుణంగా తమ అడుగుల లయను కొద్దిగా మార్చుకుంటారని తేలింది. బద్ద ఎంపికలో పాతకాలపు చేతి అనుభవం ఏమి వెతుకుతుందో ఈ సమీకరణాలు చెబుతాయి.

డోలీ ఇంకా కష్టమైన పని. రోడ్డు లేని పల్లెల నుండి గర్భిణులను, రోగులను పొడవాటి కర్రకు కట్టిన వస్త్రంలోనో, కుర్చీలోనో కూర్చోబెట్టి ఇద్దరు భుజాన మోసుకెళ్తారు. మరికొందరు భుజం మార్చడానికి వెంట నడుస్తారు. బరువు మోతకు 1977లో పాండాల్ఫ్ తదితరులు ఇచ్చిన సమీకరణాన్ని దీనికి అన్వయించవచ్చు. 55 కిలోల మనిషి సెకనుకు ఒక మీటరు చొప్పున చదును నేలపై ఖాళీ చేతులతో నడిస్తే 165 వాట్లు. రోగి బరువులో సగంగా 25 కిలోలు భుజాన ఉంటే 236 వాట్లు. అదే బరువుతో 10 శాతం ఎక్కుడు ఎక్కితే 516 వాట్లు. బాటలో కొద్దిపాటి పొదలు ఉంటే దాదాపు 600 వాట్లు. నిమిషానికి కిలోకు 45 మిల్లీలీటర్ల ప్రాణవాయువు వాడగల దృఢమైన యువకుడు అనుకున్నా, ఇది అతని గరిష్ఠ సామర్థ్యంలో 70 శాతానికి పైనే. గంటల తరబడి ఎవరూ ఇలా మోయలేరు. డోలీ వెంట అంతమంది ఎందుకు నడుస్తారన్నదానికి, మొగవాళ్ళు పనులకు పోయిన వేళ పల్లెలో జబ్బు చేస్తే ఎందుకు ఆలస్యమవుతుందన్నదానికి జవాబు ఈ అంకెల్లో ఉంది.

ఆసుపత్రికి కాలదూరం

ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం మైదానంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అలాగే 5,000కు బదులు 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలి. ఈ సడలింపు మంచిదే గాని ఇది మనుషులను లెక్కపెడుతుంది, గంటలను కాదు. పటంపై ఆసుపత్రి చుట్టూ 5 కి.మీ. వృత్తం గీసే పద్ధతిలోనూ ఇదే లోపం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో రూపొందిన యాక్సెస్‌మాడ్ అనే ఉచిత సాఫ్టువేరు ఇందుకు భిన్నంగా పనిచేస్తుంది. నేలను చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ప్రతి గడిలోనూ రోడ్డు, అడవి, పొలం వంటివాటికి తగిన వేగం ఇచ్చి, నడకైతే టోబ్లర్ సూత్రంతో వాలుకు సవరించి, ప్రతి గడి నుండి ఆసుపత్రికి అతి తక్కువ సమయం పట్టే దారిని వెతుకుతుంది. 2000లో అంతరిక్ష నౌక నుండి సేకరించిన ఎత్తుల వివరాలు ఉచితంగా లభించడం వల్ల ఇది సులభమైంది. గెడ్డలను అడ్డంకులుగా చేర్చి వానాకాలానికి, ఎండాకాలానికి వేరువేరు పటాలు తీయవచ్చు. ఒక వంతెన గాని, రోడ్డు ముక్క గాని వేస్తే ఎన్ని పల్లెలకు ఎన్ని నిమిషాలు తగ్గుతాయో ముందే చూడవచ్చు.

2023 నవంబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి జన్‌మన్ పథకంలో, అతి బలహీన గిరిజన తెగలు నివసించే 100 మందికి పైబడిన ఆవాసాలకు కూడా రోడ్డు వేయడానికి వీలు కలిగింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అల్లూరి సీతారామరాజు జిల్లాలో "అడవితల్లి బాట" పేరిట రహదారుల పనులు ప్రారంభించింది. డోలీ మోతలను తగ్గించడం దీని ఉద్దేశాలలో ఒకటి.

పరిమితులు

టోబ్లర్ సూత్రం ఐరోపా దారులపై ఆరోగ్యవంతుల నడకకు సంబంధించినది. నిండు గర్భిణికి, చంకలో బిడ్డ ఉన్న తల్లికి, రాత్రివేళ వర్షంలో నడిచేవారికి అది వర్తించదు. డోలీ వేగం అందులో లేదు. పాండాల్ఫ్ సమీకరణం దిగుళ్ళకు పనికిరాదు. దానికి తరువాత వేరే సవరణలు వచ్చాయి. ఎత్తుల పటంలో ఒక్కో గడి 30 మీటర్లు ఉంటుంది కనుక, ఆ గడిలోని రాళ్ళు, గుంతలు కనిపించవు. 2013లో వోలోషినా తదితరులు చేసిన ప్రయోగంలో కేవలం 2.5 సెంటీమీటర్ల ఎగుడుదిగుళ్ళున్న నేలపై నడవడానికి శక్తి వ్యయం 28 శాతం పెరిగింది.

కండరాల నమూనాలలో చాలావాటికి కొలతలు పాశ్చాత్య దేశాల ప్రయోగశాలలలో, బూట్లు తొడుక్కుని యంత్రపు పట్టాపై నడిచినవారి నుండి వచ్చాయి. చిన్నప్పటి నుండి చెప్పులు లేకుండా కొండలెక్కినవారి పాదం, గొంతుక్కూర్చునే అలవాటున్నవారి మోకాలు వేరుగా ఉంటాయి. మన్యం ప్రజల నడకకు నమూనా కట్టాలంటే ముందు వారి బాటలపైనే, వారి బరువులతోనే కొలతలు తీయవలసి ఉంటుంది. ఫోను కెమెరాలతో పనిచేసే పద్ధతులు వచ్చాక ఆ పనికి ప్రయోగశాలను కొండెక్కించనవసరం లేదు.